సరకు ఎవరిది? - శాస్త్ర పత్రికల హక్కుల కథ



నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించిన రైల్వే గుమాస్తాను. గూడ్సు ఆఫీసులో రసీదులు వ్రాసుకునేవానికి శాస్త్ర పత్రికల గొడవ యెందుకని మీరడుగవచ్చు. కారణం మా అన్నగారి అమ్మాయి. ఎమ్మెస్సీ చదువుతున్నది. పోయిన యేడు ఆమెకొక వ్యాసం కావలసి వచ్చి కంప్యూటరులో వెదకగా, వ్యాసం పేరు, పది వాక్యాల సారాంశం మాత్రం కనిపించినవి. తక్కినది చదవాలంటే ముప్పయి డాలర్లకు పైగా చెల్లించాలట. ఒక్క వ్యాసానికి!

"ఇందులో వ్రాసినాయనకు యెంత ముడుతుందమ్మా?" అని అడిగినాను.

"ఒక్క పైసా ముట్టదు బాబాయ్. పత్రికవారి కోరికపై ఆ వ్యాసం చదివి తప్పొప్పులు చెప్పిన పండితులకూ సాధారణంగా యేమీ ఇవ్వరు" అన్నది.

నాకు మా గూడ్సు ఆఫీసు జ్ఞాపకం వచ్చింది. వర్తకుడు వంద బస్తాలు అప్పగించి రసీదు తీసుకుంటాడు. రైల్వేవారు కిరాయి వసూలు చేస్తారు. అది న్యాయమే. కాని బస్తాలు మావేనని యేనాడూ అనరు. మోసినవాడు సరకుకు యజమాని కాడు. మరి శాస్త్ర పత్రికల విషయంలో మోసినవాడే యజమాని యెట్లా అయినాడు? ఈ ప్రశ్న వెంబడి పోయి తెలుసుకున్న చరిత్రను ఇక్కడ మనవి చేస్తున్నాను.

1665వ సంవత్సరం మార్చి నెలలో లండనులోని రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' అనే పత్రికను సొంత ఖర్చుతో ఆరంభించినాడు. అంతకు రెండు నెలల ముందే పారిసులో మరొక పండిత పత్రిక వెలువడింది. పండితులు తమ పరిశోధనలను వీటికి పంపింది ధనం కోసం కాదు. నలుగురికీ తెలియాలి, ముందు కనిపెట్టినది తామేనని లోకం ఒప్పుకోవాలి, అంతే.

1710లో ఇంగ్లండులో కాపీరైటు చట్టం వచ్చింది. క్రొత్త గ్రంథంపై కర్తకు 14 ఏండ్ల హక్కు, అప్పటికి జీవించి ఉంటే మరి 14 ఏండ్లు. గ్రంథవిక్రయంతో బ్రతికేవారికి ఇది మేలే. కాని జీతం మరొకచోట తీసుకుంటూ, వ్యాసం ఉచితంగా ఇచ్చే శాస్త్రజ్ఞునికి ఈ హక్కుతో పెద్ద పని లేకపోయింది. పని లేని వస్తువును అడిగినవారికి ఇచ్చివేయడం మానవ సహజం. చిక్కంతా అక్కడనే మొదలయినది.

మన తెలుగువారి ఉదాహరణ ఒకటి చెబుతాను. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా చేరినారు. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్కేగారితో కలిసి, భాస్వరం ఎంతున్నదో రంగును బట్టి కొలిచే పద్ధతిని 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ'లో ప్రకటించినారు. 'ఫిస్కే - సుబ్బారో పద్ధతి' అని ప్రయోగశాలలన్నింటా పేరు పొందింది. ఆ వ్యాసం తమను ధనవంతులను చేయాలని వారు వ్రాయలేదు. పదిమంది చదివి, ఆ పద్ధతిని వాడుకుంటేనే దానికి విలువ.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ప్రభుత్వాలు పరిశోధనలకు విశేషంగా ధనమిచ్చినవి. పత్రికలు పెరిగినవి. వ్యాపారులు దీనిని గమనించినారు. 1951లో రాబర్ట్ మాక్స్‌వెల్ తన చేతికి వచ్చిన సంస్థకు పెర్గమాన్ ప్రెస్ అని పేరు పెట్టి వందలాది పత్రికలు నడిపినాడు. 1991లో దానిని 44 కోట్ల పౌనులకు ఎల్సెవియర్‌వారికి అమ్మినాడు. బియ్యం ధర పెరిగితే జొన్నలు కొనుక్కోవచ్చు. కాని ఒక పత్రికలోని వ్యాసం మరొక పత్రికలో దొరకదు గదా! చెప్పిన ధర చెల్లించడం తప్ప గ్రంథాలయాలకు గత్యంతరం లేకపోయింది. అమెరికాలో 1978లో అమలయిన చట్టం వ్రాయగానే హక్కు రచయితదే అన్నది. అందువలన, హక్కు మాకు బదిలీ చేస్తున్నానని సంతకం పెట్టించుకోవడం ప్రచురణకర్తలకు పరిపాటి అయినది. కిరాయి రసీదుతోబాటు బస్తాల దానపత్రం కూడా వ్రాయించుకున్నట్లయినది.

దీనికి ఎదురు తిరిగినవారూ శాస్త్రజ్ఞులే. 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు, వ్యాసాలను ఎవరైనా ఉచితంగా చదువుకొనే కంప్యూటరు భాండారాన్ని స్థాపించినాడు. దాని నేటి పేరు 'ఆర్కైవ్'. 2002 ఫిబ్రవరి 14న బుడాపెస్టు ప్రకటన వెలువడి, పరిశోధన అందరికీ అందుబాటులో ఉండాలని కోరింది. అదే ఏడు డిసెంబరులో 'క్రియేటివ్ కామన్స్' లైసెన్సులు వచ్చినవి. ఇవి కాపీరైటును రద్దు చేయవు. హక్కు నాదే, అయితే నా పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చునని యజమాని ముందుగానే ఇచ్చే అనుమతి అది. సుబ్బారావుగారి వ్యాసం అచ్చయిన పత్రిక కూడా 2021 జనవరి నుంచి అందరికీ ఉచితంగా తెరువబడింది.

కథ ఇక్కడ సుఖాంతమయినదని అనుకోరాదు. దిద్దుబాటుకు, భద్రపరచడానికి ఖర్చులున్నవి. కిరాయి ఎవరో ఒకరు కట్టవలసిందే. ఇప్పుడు పెక్కు పత్రికలు ఆ సొమ్మును వ్రాసినవారి నుంచి తీసుకుంటున్నవి. కొన్నిచోట్ల అది వేయి డాలర్లు దాటుతుంది. మా భాషలో చెప్పాలంటే, 'టు పే' సరకు 'పెయిడ్' అయినది. బీద దేశపు పరిశోధకునికి చదువుకునే తలుపు తెరచి, వ్రాసే తలుపు మూసినట్లు! మన కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో, మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలతో, సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందించే పథకానికి ఆమోదమిచ్చింది. విద్యార్థులకు గొప్ప మేలు. అయితే అది అద్దె చెల్లింపే. సరకు ఇంకా మోసినవాని గిడ్డంగిలోనే ఉన్నది.

ఇక మన ఇంటి సంగతి. మన సంఘం పాత ఉగాది సంచికలను కంప్యూటరులోకి ఎక్కించి, దూరదేశాలలోని మనవలకు అందించాలని కార్యవర్గం తలచింది. పని అర్ధాంతరంగా ఆగింది. వ్రాసినవారిలో కొందరు బదిలీపై పోయినారు, కొందరు రిటైరయి స్వగ్రామాలకు చేరినారు, కొందరు గతించినారు. అనుమతి ఎవరిని అడగాలి? మన తాతలు ఈ పరాయి గడ్డకు వచ్చిన కథలు, వారు కట్టిన బడి కథ బీరువాలో చెదలపాలు కావలసిందేనా?

కనుక వ్రాసే మిత్రులకు నా విన్నపం: మీ వ్యాసం క్రింద ఒక్క వాక్యం అనుమతి వ్రాసి ఇవ్వండి. మొదట నేనే వ్రాస్తున్నాను. ఈ వ్యాసాన్ని ఎవరైనా, ఎక్కడయినా, నా పేరు చెప్పి అచ్చు వేసుకోవచ్చును, పంచుకోవచ్చును. కిరాయి కూడా అక్కరలేదు.