గృహపరీక్షలయందలి హెచ్చరిక సంకేతములు: ఒక చారిత్రక పరిశీలన

పరీక్ష యున్నచోట కావలి యున్నది. విద్యార్థి నేర్చినదెంతయో కొలుచు విధానములు కాలమునుబట్టి మారుచు వచ్చినను, ఆ కొలతలో మోసము చొరకుండ కాచుకొనవలసిన అవసరము మాత్రము మారలేదు. నేడు అనేక పరీక్షలను విద్యార్థి తన యింటి గదిలో కంప్యూటరు ముందు కూర్చుండి వ్రాయుచున్నాడు. పర్యవేక్షకుని స్థానమున కెమెరాయు, మైకును, వాని వెనుక ఒక సాఫ్టువేరును నిలిచినవి. తనకు అనుమానాస్పదముగా తోచిన ప్రతి చేష్టకును ఆ సాఫ్టువేరు ఒక హెచ్చరికను నమోదు చేయును. ఏ చేష్టకు, ఎంత మేరకు ఆ హెచ్చరిక వెలువడవలెనో ముందుగా నిర్ణయించి అమర్చువాడు మాత్రము మనుష్యుడే.

ఈ అమరిక పైకి యంత్రజ్ఞుల పనిగా కనబడును. చరిత్రను పరిశీలించినచో ఇది న్యాయవిచారణకు చెందిన పని యని నా యభిప్రాయము. ఇందు మూడు ప్రశ్నలు ఇమిడియున్నవి. దేనిని అనుమానమునకు గుర్తుగా గ్రహింపవలెను? అది ఎంత మేర మించినపుడు హెచ్చరిక రావలెను? వచ్చిన పిమ్మట విచారించి తీర్పు చెప్పువాడెవడు? పూర్వపు పరీక్షావిధానములు ఈ మూడింటికి ఏ సమాధానములు చెప్పినవో ముందుగా చూతము.

పరీక్షల కావలిని శాస్త్రముగా పెంచినవారిలో చీనా దేశీయులు అగ్రగణ్యులు. సూయి వంశకాలమున మొలకెత్తి 1905లో రద్దగువరకు సాగిన రాజోద్యోగ పరీక్షలలో అభ్యర్థులను ద్వారముకడ ఒడలెల్ల వెదకి లోనికి పంపెడివారు. నాన్‌జింగు నగరమందలి పరీక్షాప్రాంగణమున ఇరువదివేలకు పైగా చిన్న చిన్న అరలుండెను. వాని నడుమ నిలిచిన ఎత్తైన భవనము నుండి అధికారులు అన్ని వరుసలను కనిపెట్టి చూచుచుండిరి. ఇది అభ్యర్థిపై కావలి. అయితే చీనావారు ఇంతటితో తృప్తి చెందలేదు. సోంగు వంశకాలమున, 10వ శతాబ్ది చివర మొదలుకొని, సమాధానపత్రముపై అభ్యర్థి పేరు కనబడకుండ అంటించి మూయు పద్ధతి వ్యాపించెను. చేవ్రాతను బట్టి గుర్తింపకుండుటకై లేఖకులచేత పత్రములన్నింటిని తిరిగి వ్రాయించి పరీక్షకుల కిచ్చు పద్ధతియు ఏర్పడెను. ఇది పరీక్షకునిపై కావలి. అభ్యర్థిని మాత్రమే శంకించి పరీక్షకుని శంకింపని విధానము సగము విధానమే యని వారు గ్రహించిరనుట స్పష్టము.

దూరమునుండి పరీక్ష జరుపుటయు క్రొత్త సంగతి కాదు. లండన్ విశ్వవిద్యాలయము 1858లో తన పట్టములను కళాశాలలతో సంబంధము లేనివారికిని తెరచి, 1865లో మారిషస్ ద్వీపమున పరీక్ష జరిపి సముద్రాంతర పరీక్షలకు శ్రీకారము చుట్టెను. ప్రశ్నపత్రములు ఓడలపై పోయినను కావలి మాత్రము స్థానికులైన బాధ్యులచేతిలోనే యుండెను. ఇందుకు భిన్నముగా, 1855లో పోటీపరీక్షగా మారిన ఇండియా సివిలు సర్వీసు విషయమున పరీక్ష అభ్యర్థి కడకు రాలేదు; అభ్యర్థియే సముద్రము దాటి లండనుకు పోవలసి వచ్చెను. 1922లో అలహాబాదున పరీక్ష మొదలగునంతవరకు ఈ స్థితి సాగెను. కావలి కొరకు అభ్యర్థి మోయవలసిన వ్యయమును, శ్రమయు ఒక విధమైన వడపోతయే యనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

మన ప్రాంతమున పరీక్షాధికారుల తనిఖీబృందములు, వాని రాకతో హాలులలో పుట్టు అలజడి ఉపాధ్యాయులందరెరిగినవే. మాల్‌ప్రాక్టీసులను అరికట్టుటకు 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనము వెలువడెను. కేంద్రప్రభుత్వము 2024లో ఇట్టి శాసనమునే అఖిలభారత పరీక్షలకై చేసెను. శాసన మెంత కఠినమైనను హాలులోని పర్యవేక్షకుని కంటికి ఒక గుణము కలదు. పైకప్పు వంక చూచు బాలుడు జ్ఞాపకమునకు తెచ్చుకొనుచున్నాడా, ముందు బల్లవైపు మెడ సాచువాడు కాపీ కొట్టుచున్నాడా యని అతడు సందర్భమును బట్టి ఎరుగును. సందేహము కలిగినచో బల్లకడకు నడచిపోయి నిలుచును. అతని అనుమానము అడుగులతో మొదలై, చూపుతో పరీక్షింపబడి, అవసరమైనపుడే కాగితముపైకి ఎక్కును.

గృహపరీక్షయందు ఈ క్రమము తలక్రిందులైనది. సాఫ్టువేరు గమనించు గుర్తులు సాధారణముగా ఇవి: ముఖము తెరపై కనబడకపోవుట, రెండవ ముఖము కనబడుట, చూపు తెరనుండి తొలగుట, మాటలు వినబడుట, పరీక్ష పుట విడిచి మరియొక పుట తెరచుట, ఇంటర్నెట్ తెగుట. ప్రతి గుర్తుకును ఒక హద్దును అమర్చవలెను. ముఖము ఒక్క క్షణము కనబడకున్నను హెచ్చరికయా, పది క్షణములు గడచిన పిమ్మటనా? చూపు ఒకమారు తొలగినను లెక్కయా, పలుమారులు తొలగిననే లెక్కయా? హద్దును బిగించినకొలది నిర్దోషులు పెక్కుమంది చిక్కుదురు. సడలించినకొలది దోషులు తప్పించుకొందురు. ఈ రెండు నష్టములను ఒకేమారు తొలగించు హద్దు లేదు. దేనిని ఎంత భరింతుమో నిర్ణయించుటయే ఈ అమరికలోని సారాంశము.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము 2020 అక్టోబరులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జరిగిన న్యాయవాద అర్హతా పరీక్ష. మహమ్మారి కారణముగా దానిని అభ్యర్థులు తమ తమ తావులనుండియే వ్రాసిరి. సుమారు 9,300 మందిలో 3,190 మందికి, అనగా మూడింట ఒక వంతుకు మించినవారికి, సాఫ్టువేరు అనుమానపు గుర్తు తగిలించెను. విచారణ ముగిసిన పిమ్మట నియమోల్లంఘనము చేసినవారుగా తేలినది 47 మంది మాత్రమే. గుర్తు తగిలినవారిలో ఇది నూటికి ఇద్దరైనను కాదు. వృత్తిలో అడుగు పెట్టబోవు న్యాయవాదికి సత్ప్రవర్తనమే మూలధనము. అట్టివారిని వేలకొలదిగా శంకలోనికి తెచ్చిన అమరిక వలన పోయిన మనశ్శాంతికి లెక్క కట్టువారెవరు?

ఇట్టి ఫలితము ఆశ్చర్యకరము కాదని సామాన్య గణితమే చెప్పును. ఊహకొరకు వేయిమంది అభ్యర్థులను తీసికొందము. వారిలో 20 మంది మోసము చేసిరనుకొందము. యంత్రము మోసగాండ్రను నూటికి 90 పాళ్లు పట్టునట్టియు, నిర్దోషులలో నూటికి 10 మందిని పొరపాటున అనుమానించునట్టియు మంచి యంత్రమే యనుకొందము. అపుడు పట్టుబడు దోషులు 18 మంది. అనుమానింపబడు నిర్దోషులు 980లో 98 మంది. మొత్తము 116 హెచ్చరికలలో ఆరింట ఐదు వంతులు అసత్యములే. నిర్దోషుల విషయమున పొరపాటును నూటికి ఒకటికి తగ్గించినను, 28 హెచ్చరికలలో సుమారు పది నిర్దోషులపైననే పడును. మోసము అరుదైనంతకాలము ఈ లెక్క తప్పదు. కావున హెచ్చరికను నేరమునకు ప్రమాణముగా గ్రహించుట తర్కదోషము.

పై లెక్కలో యంత్రము మంచిదని యొప్పుకొంటిమి. ఆచరణలో అదియు సందేహాస్పదమే. నెదర్లాండ్సులోని ట్వెంటె విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రకటించిన ప్రయోగమున 30 మంది విద్యార్థులు పాల్గొనిరి. వారిలో ఆరుగురు పరిశోధకుల యనుమతితోనే మోసము చేసిరి. ఆ ఆరుగురిలో ఒక్కరిపైనను సాఫ్టువేరు అనుమానము చూపలేదు. ఇంకొకవైపు, అమెరికాలోని లూయివిల్ విశ్వవిద్యాలయమునకు చెందినవారు 2022లో ప్రకటించిన పరిశీలనమున, ముదురు దేహవర్ణము గల విద్యార్థులపై, అందును స్త్రీలపై, హెచ్చరికలు ఎక్కువగా పడుచున్నట్లు తేలినది. దోషిని విడిచి, దేహవర్ణమును బట్టి నిర్దోషిని పట్టు కావలిని ఏ పరీక్షాధికారి సమర్థింపగలడు?

న్యాయస్థానములును ఈ విషయమును విచారించినవి. బెంగుళూరులోని జాతీయ న్యాయవిద్యా విశ్వవిద్యాలయము 2020 సెప్టెంబరు 12న ఇంటినుండి వ్రాయు ప్రవేశపరీక్షను ప్రత్యేకముగా జరుపగా, సుప్రీంకోర్టు అదే నెల 21న ఆ పరీక్షా ప్రకటనను కొట్టివేసెను. పరీక్షకు ముందు విద్యార్థి గదినంతయు కెమెరాతో చూపింపుమనుట అసమంజసమైన సోదా యగునని 2022 ఆగస్టులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు ఫెడరలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఒక విద్యార్థిని, సాఫ్టువేరు తన ముఖమును సరిగా గుర్తించుట లేదని ఫిర్యాదు చేసెను. 2023లో ఆ దేశపు మానవహక్కుల సంస్థ, సాఫ్టువేరు వివక్ష చూపినట్లు ఆమె విషయమున తేలలేదని చెప్పుచునే, ఆమె ఫిర్యాదును విశ్వవిద్యాలయము తగిన శ్రద్ధతో చూడలేదని నిర్ణయించెను. ఈ చివరి మాట గమనింపదగినది. యంత్రము తప్పు చేసెనో లేదో తేల్చుట కష్టము కావచ్చును. మొరను ఆలకింపకపోవుట మాత్రము మనుష్యుల తప్పే.

మొర ఆలకించుటకు ముందు హెచ్చరికను పరిశీలింపవలెను గదా! ఆ పరిశీలనమే జరుగుట లేదని ఈ వ్యాపారమున నున్న ప్రొక్టర్‌యూ అను సంస్థయే 2021లో ఒప్పుకొనెను. యంత్రము అనుమానించిన పరీక్షలలో నూటికి 11 మాత్రమే విద్యాసంస్థల పరిశీలనకు నోచుకొనుచున్నవని తెలిపి, మనుష్యుల పర్యవేక్షణము లేని కేవల యంత్రసేవను అమ్ముట మానెదనని ఆ సంస్థ ప్రకటించెను.

ఈ చరిత్రనుండి అమరికకు పనికివచ్చు సూత్రములు కొన్ని తేలుచున్నవి. మొదటిది: సమాధానములు వ్రాయునపుడు సహజముగా కలుగు చేష్టలను, అనగా చూపు తొలగుటను, పెదవులు కదలుటను, ఒంటరి గుర్తులుగా గ్రహింపరాదు, అవి మరియొక బలమైన గుర్తుతో కలసినపుడే హెచ్చరిక కావలెను. రెండవది: ఇంటర్నెట్ తెగుట, వెలుతురు చాలకపోవుట వంటి సాంకేతిక లోపములను నడవడి దోషములతో ఒకే పట్టికలో చేర్చరాదు. పలువురు కాపురముండు ఒంటిగది యింట రెండవ స్వరము వినబడుట నేరము కాదు. మూడవది: హద్దులను అసలు పరీక్షకు ముందు మాదిరి పరీక్షలో వివిధ వర్ణముల, వివిధ పరిస్థితుల విద్యార్థులపై సరిచూడవలెను. నాల్గవది: విచారించుటకు శక్తి చాలినన్ని హెచ్చరికలే వెలువడునట్లు అమర్చవలెను, చూడలేనన్ని హెచ్చరికలు అసలు లేనివానితో సమానము. అయిదవది: విచారించువానికి అభ్యర్థి పేరు తెలియరాదు, హద్దులేవో అభ్యర్థికి ముందుగా తెలియవలెను, శిక్షకు ముందు అతని మాట వినవలెను. ఈ చివరి సూత్రమున పేర్లు మూసిన చీనా పరీక్షాధికారుల వివేకమే మనకు తిరిగి కనబడుచున్నది.

మన సాహిత్యమున అవధానమను పరీక్ష కలదు. పృచ్ఛకులు ఎదుట కూర్చుండి నిషిద్ధాక్షరులతో అడ్డగింతురు, అప్రస్తుత ప్రసంగముతో దృష్టి మరల్తురు, గంటలు కొట్టి లెక్క చెప్పుమందురు. అచ్చట అవధాని చూపు ఎటు పోయెనని ఎవరును గమనింపరు. ఆకసము వంక చూచినను, కనులు మూసికొనినను దోషము లేదు. పరీక్ష స్వరూపమే అన్యసాహాయ్యమునకు తావీయదు. ప్రతి పరీక్షయు అవధానము కాజాలదు. అయినను కావలిని బిగించుటకు ముందు ప్రశ్నను బిగింపవచ్చునా యని ఆలోచించుట ఉపాధ్యాయుని మొదటి ధర్మమని ఈ సంప్రదాయము మనకు గుర్తుచేయుచున్నది.

ఇన్ని చేసినను కొన్ని హెచ్చరికలు తప్పవు. అట్టి ప్రతి హెచ్చరిక వెనుక ఒక విద్యార్థి పేరు కలదు. మాల్‌ప్రాక్టీసు అను మాట ఒకమారు ఆ పేరును అంటినచో, నిర్దోషి యని తేలిన పిమ్మటను దాని మచ్చ చాలకాలము మానదు. పూర్వపు పర్యవేక్షకుడు సందేహము కలిగినపుడు బల్లకడకు నడచిపోయెడివాడు. ఆ నాలుగడుగుల దూరమును నేడు నడువవలసినది హెచ్చరికను అందుకొనిన ఉపాధ్యాయుడే.