మూసారాంబాగ్‌లో రాముడెవరు?

దిల్‌సుఖ్‌నగర్ అనగానే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, చీరల దుకాణాలు గుర్తొస్తాయి. ఎల్బీనగర్ అంటే విజయవాడ బస్సు ఎక్కే చౌరస్తా. చరిత్ర కావాలంటే చార్మినార్ వైపో గోల్కొండ వైపో వెళ్ళాలి తప్ప ఈ తూర్పు దిక్కున ఏముంది, అంతా నిన్నమొన్న వెలసిన కాలనీలే అని నగరవాసుల్లో చాలామంది నమ్మకం. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళలోనూ ఆ మాట అనేవాళ్ళకు కొదవ లేదు.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పరుగు మొదలైంది. ఆ దారిలో చివరి అయిదు స్టేషన్లు మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్. రోజూ మైకులో వినిపించే ఈ పేర్లలో దాదాపు ప్రతిదాని వెనకా జనం నమ్మే కథ ఒకటి, జరిగిన సంగతి మరొకటి ఉన్నాయి.

నిన్నమొన్నటి ఊరన్న నమ్మకం తప్పని చెప్పడానికి చైతన్యపురి ఒక్కటి చాలు. మూసీ ఒడ్డున ఫణిగిరి కాలనీలో గుట్ట మీద కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉంది. ఆ గుడి దగ్గరి బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన శాసనం ఉంది. గోవిందరాజ విహారమనే బౌద్ధ ఆరామాన్నీ, భిక్షతోనే బతకాలని నియమం పెట్టుకున్న పిండపాతిక భిక్షువులనూ అది పేర్కొంటుంది. ఆ గోవిందరాజు విష్ణుకుండిన వంశపు గోవిందవర్మ అనీ, కాలం సుమారు అయిదో శతాబ్ది అనీ చరిత్రకారుల నిర్ణయం. ఇదే వంశపు రాగిరేకులు యాదాద్రి భువనగిరి జిల్లా తుమ్మలగూడెంలోనూ దొరికాయి. అక్కడ కూడా గోవిందవర్మ రాణి కట్టించిన బౌద్ధ విహారం ప్రస్తావన వస్తుంది. హైదరాబాద్ చరిత్ర 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షాతో మొదలైందని బడి పుస్తకాల్లో చదువుకుంటాం. నగరానికి పునాది వేసింది అప్పుడే, అందులో పొరపాటేమీ లేదు. ఆ నేల మీద మనుషుల చరిత్ర కూడా అప్పుడే మొదలైందనుకోవడమే పొరపాటు. చార్మినార్‌కు వెయ్యేళ్ళకు పైగా ముందే చైతన్యపురి బండ మీద ఉలి పడింది.

ఇక్కడే ఇంకో గందరగోళం కూడా ఉంది. బౌద్ధ క్షేత్రంగా పేరుమోసిన ఫణిగిరి సూర్యాపేట జిల్లాలోది. తోరణాలు, స్తూపం బయటపడిన ఆ ఊరు వేరు, చైతన్యపురిలోని ఫణిగిరి కాలనీ వేరు. పేరు ఒకటే, రెండు చోట్లా బౌద్ధుల జాడలున్నాయి. అందుకని ఒకదాని కథ ఇంకోదానికి అంటగట్టకూడదు.

ఇక మూసారాంబాగ్. పక్కనే మూసీ పారుతోంది, పేరులో రాముడున్నాడు, చివర తోట ఉంది. కాబట్టి మూసీ ఒడ్డున రాముడి తోట అని అర్థం చెప్పేసుకోవడం తేలిక. నిజానికి ఈ పేరులో మూసీ లేదు, రాముడూ లేడు. ఉన్నవాడు ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో 1755లో పుట్టిన మిషెల్ జోకిమ్ మరీ రేమండ్.

రెండో నిజాం అలీ ఖాన్ కొలువులో చేరిన ఈ ఫ్రెంచివాడు యూరప్ పద్ధతిలో కవాతు నేర్పి పటాలాలు తయారుచేశాడు. చివరికి అతని కింద ఉన్న సైన్యం దాదాపు 14 వేలు. ఇప్పటి గన్‌ఫౌండ్రీకి ఆ పేరు తెచ్చిన ఫిరంగుల కార్ఖానా, అంటే తోప్ కా సాంచా, అతని హయాంలోదే. ఫ్రెంచిలో మర్యాదగా పిలిచే ‘మొస్యూ’ అనే పిలుపు సిపాయిల నోట మూసా అయింది. రేమండ్‌ను హిందువులు రామ్ చేసుకున్నారు, ముస్లింలు రహీమ్ చేసుకున్నారు. ఒకరికి మూసా రామ్, ఇంకొకరికి మూసా రహీమ్. అతను 1798 మార్చి 25న చనిపోయాక గుట్ట మీద సమాధి కట్టారు. 23 అడుగుల ఎత్తున పైకి పోయేకొద్దీ సన్నబడే రాతి స్తంభం, దాని మీద అతని పేరులోని జె, ఆర్ అనే అక్షరాలు. గోరీ అంటే గుమ్మటం, మినార్లు చూడటం అలవాటైన హైదరాబాద్‌లో ఇది ఆనాటికే వింత కట్టడం. 1940ల దాకా ఏటా వర్ధంతి నాడు జనం అక్కడికి వెళ్ళి దీపాలు పెట్టేవాళ్ళు. పరాయి దేశపు సేనాని మొక్కులందుకునే మహనీయుడైపోయాడు. ఆ దీపాలు ఆగిపోయాక పేరు మిగిలింది, మనిషి మరుగునపడ్డాడు.

రేమండ్ చావు చుట్టూ కూడా పుకార్లున్నాయి. విషం పెట్టారని కొందరు, ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఓటమి తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడని కొందరు. విషం మాటకు రుజువు లేదు. రెండో మాట తేదీల ముందు నిలవదు. నిజాం ఇంగ్లీషువాళ్ళతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నది 1798 సెప్టెంబరు 1న. రెసిడెంట్ కర్క్‌పాట్రిక్ ఫ్రెంచి పటాలాన్ని చుట్టుముట్టి ఆయుధాలు దింపించింది అక్టోబరు 22న. అప్పటికి రేమండ్ పోయి ఏడు నెలలు. ఆ ఏడాది జులైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు, ఇటు మైసూరులో టిపూ ఫ్రెంచివాళ్ళతో మంతనాల్లో ఉన్నాడు. హైదరాబాద్‌లో ఫ్రెంచి అధికారుల కింద అంత సైన్యం ఉండటం గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి కంటిలో నలుసైంది. పటాలాన్ని రద్దు చేయించడానికి అసలు కారణం అది. నాయకుడు బతికుంటే ఆయుధాలు అంత తేలిగ్గా దిగేవా అన్నది మాత్రం అప్పటినుంచీ నడుస్తున్న చర్చే.

ఈ కథలో రెండో పాత్ర జాడకు ఇక్కడినుంచి ఎక్కువ దూరం లేదు, సరూర్‌నగరే. అక్కడ పెద్ద చెరువుంది కాబట్టి సరోవర్‌నగర్ నోరు తిరిగి సరూర్‌నగర్ అయిందనుకోవడం సహజం. నిజాం అలీ ఖాన్ దివాను అరస్తూ జా భార్య సరూర్ అఫ్జా పేరు మీద ఈ ఊరికి పేరు వచ్చిందన్నది హైదరాబాద్ చరిత్ర రాసినవాళ్ళ మాట. అరస్తూ అంటే గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్, అంతటి మేధావి అని నిజాం ఇచ్చిన బిరుదు అది. అసలు పేరు గులాం సయ్యద్ ఖాన్. 1795 మార్చిలో ఖర్డా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడిపోయినప్పుడు ఒప్పందంలో భాగంగా ఈ దివాన్నే పుణేకు పంపాల్సి వచ్చింది. ఆయన బందీగా ఉన్న రెండేళ్ళూ హైదరాబాద్‌లో రేమండ్ పలుకుబడి పెరిగింది. 1797లో తిరిగొచ్చిన దివాను ఇంగ్లీషువాళ్ళ పక్షం పట్టాడు, ఫ్రెంచి పటాలం రద్దయ్యేదాకా నిద్రపోలేదు. ఇండియాలో ఫ్రెంచివాళ్ళ ఆశలకు గండికొట్టిన కథలో ఇద్దరు ప్రత్యర్థులు. ఒకరి సమాధి మూసారాంబాగ్‌లో, ఇంకొకరి ఇల్లాలి పేరు సరూర్‌నగర్‌లో. మధ్యలో దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో.

సరూర్‌నగర్ చెరువు గురించి రెండు అపోహలు గట్టిగా పాతుకుపోయాయి. నిజాములు తవ్వించారన్నది మొదటిది. ఈ చెరువు 1620ల నాటిదని చెబుతారు, అంటే కుతుబ్ షాహీల కాలం. మొదటి నిజాం అధికారంలోకి వచ్చింది 1724లో. నిజాములకు నూరేళ్ళ ముందు, సరూర్ అఫ్జాకు అంతకంటే ముందు చెరువుంది, పేరే తరవాత వచ్చింది. అసలు తవ్వించారన్న మాటే మన చెరువులకు అంతగా అతకదు. పల్లానికి జారే వాననీటికి అడ్డంగా కట్ట పోస్తే వెనక నీళ్ళు నిలుస్తాయి, నిండితే అలుగు పారి కింది చెరువుకో వాగుకో చేరతాయి. తెలంగాణ గొలుసుకట్టు చెరువులన్నిటి తీరూ ఇదే. సరూర్‌నగర్‌లో మిగులు నీటి నడక మూసీ వైపు.

నీళ్ళున్నంత మేరే చెరువన్నది రెండో అపోహ. ఎండాకాలంలో నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే నేలను రెవెన్యూ భాషలో శిఖం అంటారు. అందులో పట్టా ఉన్న రైతులూ ఉంటారు. నీళ్ళు లేనప్పుడు సాగు చేసుకోవచ్చు, కట్టడాలు మాత్రం కూడదు. పట్టా ఉంది కదా, నేల పొడిగా ఉంది కదా అని ప్లాటు కొన్నవాళ్ళకు ఈ తేడా ఎవరూ చెప్పలేదు. 2020 అక్టోబరులో రెండు రోజులు కుండపోత కురిస్తే సరూర్‌నగర్ చుట్టూ ఉన్న కాలనీల్లో మేడల కింది అంతస్తులు మునిగాయి, వీధుల్లో పడవలు తిరిగాయి. చెరువు కట్ట తెగలేదు. నీళ్ళు తమ పాత దారి వెతుక్కున్నాయి.

విక్టోరియా మెమోరియల్ స్టేషన్ పేరు వినగానే కొత్తగా వచ్చినవాళ్ళకు కలకత్తా పాలరాతి భవనం మెదులుతుంది. తెల్లదొరలు కట్టించిన కట్టడమేదో ఇక్కడా ఉందనుకుంటారు. ఇక్కడున్నది అనాథాశ్రమం. విక్టోరియా రాణి 1901 జనవరిలో చనిపోయాక ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సరూర్‌నగర్‌లోని ప్యాలెస్‌ను దిక్కులేని పిల్లల కోసం ఆమె జ్ఞాపకార్థం ఇచ్చాడు. కలకత్తాలో పాలరాతి భవనం తలుపులు తెరిచేసరికి 1921 వచ్చింది. వీ.ఎం. హోమ్ అని పిలిచే సరూర్‌నగర్ ఆశ్రమంలో ప్రభుత్వ ఆధ్వర్యంలో పిల్లలు చదువుకుంటున్నారు. పేరు రాణిది, స్థలం నిజాందే.

దిల్‌సుఖ్‌నగర్‌ను మనసుకు సుఖాన్నిచ్చే నగరంగా విడగొట్టి మురిసిపోయేవాళ్ళున్నారు. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అనే మక్తాదారు తన సాగుభూమిని ప్లాట్లుగా కోసి అమ్మి, దానికి తన పేరు పెట్టుకున్నాడు. ఇప్పటి రియల్ ఎస్టేట్ వెంచర్లకు ఇక్కడి తాత అతనే అనుకోవచ్చు. ఎల్బీనగర్‌లో ఎల్బీ అంటే లాల్ బహదూర్ శాస్త్రి. ఫతే మైదాన్‌కు కొత్త పేరు పెట్టినప్పుడు ఎల్బీ స్టేడియం చేసింది కూడా ఆయన పేరు మీదే.

చిరునామాలో హైదరాబాద్ అని రాసుకుంటారు గాని ఈ ప్రాంతం చాలాకాలం నగరపాలక సంస్థలో లేదు. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం వేర్వేరు మునిసిపాలిటీలు. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ ఏర్పడ్డప్పుడు అవి నగరంలో కలిశాయి. రెవెన్యూ లెక్కల్లో సరూర్‌నగర్ రంగారెడ్డి జిల్లా మండలం. భూమి కాగితాలకైనా, కుల ధ్రువీకరణ పత్రానికైనా హైదరాబాద్ కలెక్టరుతో ఇక్కడివాళ్ళకు పని లేదు. 1978 ఆగస్టు 15న ఏర్పడిన ఆ జిల్లాకు కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టారు.

అన్నిటికంటే ఎక్కువమంది నోళ్ళలో నానే కథ కర్మన్‌ఘాట్‌ది. ధ్యానముద్రలో ఆంజనేయుడున్న ఈ గుడిని కాకతీయ రెండో ప్రోలరాజు కట్టించాడని స్థలపురాణం. తరవాత ఔరంగజేబు గుడి కూల్చడానికి వస్తే లోపలినుంచి ఉరుములాంటి గొంతు వినిపించిందట. గుడిని కూల్చాలంటే ముందు గుండె రాయి చేసుకో అని హిందీలో పలికిన ఆ మాటలోని ‘కర్ మన్ ఘట్’ ఊరి పేరయిందంటారు. ఔరంగజేబు సైన్యం 1687లో ఎనిమిది నెలలు గోల్కొండను ముట్టడించిన మాట నిజమే. అంతవరకే చరిత్ర. కథలోని గొంతు బాద్షాను రాజా అని సంబోధిస్తుంది, మొగలుల దర్బారులోనేమో నడిచింది పారశీకం. ఆ వాక్యం ఊరి పేరు పుట్టాక దాన్ని విడగొట్టి అల్లుకున్నట్టే కనిపిస్తుంది. మూసారాంబాగ్‌లో మనిషి పోయి పేరు మిగిలితే, ఇక్కడ పేరు నుంచే ఓ సన్నివేశం పుట్టింది. మంగళ, శనివారాల్లో గుడి ముందు బారులు తీరే భక్తులకు ఈ తర్కంతో పని లేదు. వాళ్ళు వచ్చేది హనుమంతుడి కోసం, ఔరంగజేబు కోసం కాదు.

ఇలాంటి చిక్కుముడులు పాతకాలంలోనే పడ్డాయనుకోవడానికీ లేదు. జాంబాగ్‌లోని పండ్ల మార్కెట్‌ను 1986లో ఇటు మార్చి, కొత్తపేటలో 22 ఎకరాల్లో పెట్టారు. ఊరు కొత్తపేట, పేరు మాత్రం గడ్డిఅన్నారం మార్కెట్. నల్లగొండ బత్తాయి, వేసవిలో మామిడి లారీలతో ముప్పై అయిదేళ్ళు హైవే కిటకిటలాడింది. ఇప్పుడు ఆ స్థలంలో పెద్దాసుపత్రి భవనం లేస్తోంది. మార్కెట్ విజయవాడ హైవే మీద రామోజీ ఫిల్మ్ సిటీ దరిదాపుల్లోని బాటసింగారానికి తరలింది. అక్కడ వేలం నడిపించే మార్కెట్ కమిటీ పేరు నేటికీ గడ్డిఅన్నారమే.