డెల్టా కెపాసిటర్ బ్యాంకులో కరెంటు లెక్కింపు

మూడు కెపాసిటర్లను త్రిభుజాకారంలో కలిపి, ఒక్కొక్క శీర్షానికి మూడు ఫేజుల సరఫరాలోని ఒక్కొక్క లైనును తగిలించిన అమరికను డెల్టా కెపాసిటర్ బ్యాంకు అంటారు. మోటార్ల వంటి ప్రేరక భారాల పవర్ ఫ్యాక్టరును మెరుగుపరచడానికి కర్మాగారాలలోను, వ్యవసాయ పంపుసెట్ల వద్దను దీనిని వాడతారు. త్రిభుజపు భుజంలో ప్రవహించే కరెంటును ఫేజు కరెంటు అని, సరఫరా తీగలో ప్రవహించే దానిని లైను కరెంటు అని అంటారు.

సమతుల్య బ్యాంకు

మూడు భుజాల కెపాసిటెన్సులు సమానమైతే అది సమతుల్య బ్యాంకు. డెల్టాలో ప్రతి కెపాసిటరుకూ పూర్తి లైను వోల్టేజి అందుతుంది. కనుక,

ఫేజు కరెంటు = 2π × ఫ్రీక్వెన్సీ × కెపాసిటెన్సు × లైను వోల్టేజి
లైను కరెంటు = √3 × ఫేజు కరెంటు

ఉదాహరణకు 415 వోల్టులు, 50 హెర్ట్జ్ సరఫరాపై పనిచేసే 25 కిలోవార్ బ్యాంకులో ఒక్కొక్క భుజానికి సుమారు 154 మైక్రోఫారడ్లు ఉంటాయి. అప్పుడు ఫేజు కరెంటు 20.1 ఆంపియర్లు, లైను కరెంటు 34.8 ఆంపియర్లు.

అసమతుల్య బ్యాంకు

భుజాలు అసమానమైనప్పుడు √3 సూత్రం వర్తించదు. ప్రతి లైను కరెంటు, ఆ శీర్షం వద్ద కలిసే రెండు ఫేజు కరెంటుల సదిశ భేదానికి సమానం. సరఫరా వోల్టేజీలు సమతుల్యంగా ఉన్నంతవరకు ఆ రెంటి దశాభేదం 120 డిగ్రీలే. ఆ ఫేజు కరెంటులు క, ఖ అయితే,

లైను కరెంటు = √(క² + ఖ² + క × ఖ)

క, ఖ సమానమైతే ఇదే √3 సూత్రంగా మారుతుంది.

పై బ్యాంకులో లోపం ఏర్పడినప్పుడు ఆర్, వై, బి లైన్లలో కరెంటులు వరుసగా ఇలా ఉంటాయి:

* ఆర్-వై భుజపు కెపాసిటెన్సు సగానికి తగ్గితే: 26.6, 26.6, 34.8 ఆంపియర్లు.
* ఆర్-వై భుజం పూర్తిగా తెగిపోతే: 20.1, 20.1, 34.8 ఆంపియర్లు. బ్యాంకు సామర్థ్యం 16.7 కిలోవార్‌కు తగ్గుతుంది.
* ఆర్ లైనులో ఫ్యూజు పోతే: 0, 30.1, 30.1 ఆంపియర్లు. సామర్థ్యం 12.5 కిలోవార్. ఇక్కడ వై-బి భుజానికి సమాంతరంగా మిగిలిన రెండు భుజాలు శ్రేణిలో ఉంటాయి.

లోపాన్ని గుర్తించడం

మొదటి రెండు సందర్భాలలో రెండు లైన్ల కరెంటు సమానంగా తగ్గి, మూడవది మారకుండా ఉంటుంది. విడిగా కనిపించే ఆ మూడవ లైనులో లోపమున్నదని భావించడం పొరపాటు. దెబ్బతిన్న కెపాసిటరు కరెంటు తగ్గిన రెండు లైన్ల మధ్యనే, అనగా మూడవ శీర్షానికి ఎదుటి భుజంలో ఉంటుంది.

జాగ్రత్తలు

కెపాసిటరు కరెంటు వోల్టేజికి అనులోమానుపాతంలో ఉంటుంది. కనుక కొలిచేటప్పుడు మూడు లైను వోల్టేజీలను కూడ చూడవలెను. సరఫరాలో హార్మోనిక్స్ ఉంటే కరెంటు లెక్కించిన విలువ కన్న ఎక్కువగా ఉండవచ్చు. సరఫరా ఆపిన తరువాత కూడ కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉంటుంది. అది పూర్తిగా విడుదలైనదని మీటరుతో నిర్ధారించుకొనక ముందు వాటిని తాకరాదు.