నగర శ్రీ ధర్మరాజము

థాయిలాండు దక్షిణభాగమున, బ్యాంకాకునకు సుమారు 780 కిలోమీటర్ల దూరమున, నఖోన్ సి థమ్మరాత్ అను రాష్ట్రము గలదు. పలుకుబడి మారినను ఈ పేరు మనకు పరాయిది కాదు. ‘నగర శ్రీ ధర్మరాజ’ అను సంస్కృత పదములే అచట ఇట్లు మారినవి. తూర్పున థాయిలాండు సింధుశాఖ, పడమట ఖావో లువాంగ్ పర్వతము, నడుమ వరిపొలములు గల సీమ యిది.

పూర్వమిచట తాంబ్రలింగ రాజ్యము వర్ధిల్లెను. 1025లో రాజేంద్రచోళుని నౌకాసేన జయించిన స్థలములలో ఇదియు నొకటియని, తంజావూరు శాసనములోని ‘మాదమాలింగము’ ఇదియేయని చరిత్రకారులు తలంతురు. 1247లో ఇచటి రాజగు చంద్రభానుడు సింహళముపై దండెత్తెను. కాని ఆ రాజ్యము అతనికి దక్కలేదు. సింహళమునుండి ఈ నగరమునకు దక్కినది బౌద్ధధర్మము. మహాధాతు విహారములోని స్తూపము సింహళరీతిని బోర్లించిన గంటవలె నుండును. ఏటేట మాఘపూర్ణిమనాడు ప్రజలు పొడవైన వస్త్రమును ఊరేగించి తెచ్చి దానికి చుట్టుదురు.

రాష్ట్రముద్రపై నున్నదియు ఈ స్తూపమే. దానిచుట్టు ఎలుక, ఎద్దు, పులి మొదలగు పండ్రెండు సంవత్సర జంతువులు గలవు. ఇవి పూర్వము ఈ నగరమునకు లోబడిన పండ్రెండు పట్టణముల గుర్తులని ఐతిహ్యము: ఎద్దు పట్టానికి, పులి కెలంతానునకు, గుఱ్ఱము త్రాంగునకు గుర్తులు. 1909 సంధిచే కెలంతాను ఆంగ్లేయుల వశమై, నేడు మలేషియాలో నున్నది. ముద్రలోని పులి మాత్రము కదలలేదు.

రాజులు గీచిన ఎల్లలు చెరిగినవి. ప్రజలు కొలిచిన స్తూపము, చెప్పుకొన్న కథ నిలిచినవి. జాతికి జ్ఞాపకమే తరుగని ఆస్తి.