ఎవురి కడుపు, ఎవురి లెక్క

చరిత్ర పుస్తకాల్లో ఎమర్జెన్సీ అంటే జైళ్లు, పత్రికల సెన్సారు. మా ముద్దనూరు మాదిగ్గేరిలో ఎమర్జెన్సీ అంటే ఆపరేషన్.

1976 ఏప్రిల్‌లో కేంద్రం జనాభా విధానం ప్రకటించింది. 1976-77 ఒక్క ఏడాదే దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగినాయి. ముప్పాతిక భాగం మగోళ్లకే. చాలా రాష్ట్రాల్లో టీచర్లకూ గుమాస్తాలకూ కోటాలు పెట్టినారు. కోటా నింపాల్సినోడు భూమీ పలుకుబడీ ఉన్న ఇంటి తలుపు తడతాడా? కూలోడి గుడిసెకే వస్తాడు. 1978లో షా కమిషన్ నమోదు చేసిన సావులు 1,774.

1977లో ఉత్తరాది ఇందిరాగాంధీని ఓడగొట్టింది. మన రాష్ట్రం మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెసుకే కట్టబెట్టింది. ఆ తర్వాత సర్కార్లు మగోళ్ల జోలి మానుకొని ఆడోళ్ల మీద పడినాయి. మా అమ్మ క్యాంపులో కోత కోయించుకొని, కుట్లు ఆరకముందే కలుపుకు పోయింది. దాన్ని ఎవురూ బలవంతం అనలా.

1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారంది. రిజర్వేషన్‌తో దక్కిన సర్పంచి కుర్చీకీ అదే అడ్డం. 2024లో ఆ నిబంధన ఎత్తేసినారు. ఆ ఏడే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువ మందిని కనమన్నాడు.

కనొద్దన్నప్పుడూ, కనమన్నప్పుడూ మా అమ్మల్ని అడిగినోడు లేడు.