నిప్పురవ్వ దాగిన చోటు

మోటారు కారులో ఒకప్పుడు యజమాని చేతికి సులువుగా అందే భాగాలలో స్పార్క్ ప్లగ్గు ఒకటి. వేలెడంత పింగాణీ, ఉక్కు. దాని చరిత్రను కనిపెట్టినవారి వైపునుండి చెప్పడం పరిపాటి. విప్పి, తుడిచి, మళ్లీ బిగించినవారి వైపునుండి చూస్తే వేరొక కథ కనిపిస్తుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఆ రెండవ కథ.

ముందుగా నాలుగు మాటలు పుట్టుకను గురించి. మన పూర్వులు అరణిని మథించి అగ్నిని పుట్టించారు. 1860లో పారిస్ నగరంలో ఎతియెన్ లెన్వార్ తన వాయు యంత్రంలో విద్యుత్ విస్ఫులింగంతో ఇంధనాన్ని మండించాడు. 1902లో జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థ ఇంజనీరు గాట్లోబ్ హోనాల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును రూపొందించిన తరువాతనే ఈ పద్ధతి కార్లలో స్థిరపడింది. ప్లగ్గు చేసే పని సామాన్యమైనది కాదు. నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూ ఉంటే ప్రతి ప్లగ్గూ సెకనుకు 25 సార్లు రవ్వ విసరాలి.

మన దేశంలో ఈ వస్తువు ఇంటింటి మాట కావడానికి 1951లో బెంగుళూరులో వెలసిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఒక ముఖ్య కారణం. జనం నోట అది ‘మైకో’. 2008లో ఆ సంస్థ పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. ఆనాటి అంబాసిడరులో బానెట్ ఎత్తితే ఇంజను పక్కన నాలుగు ప్లగ్గులూ వరుసగా దర్శనమిచ్చేవి. డిక్కీలో ఒక ప్లగ్గు పానా, ఒక గుడ్డపీలిక, ఎమరీ కాగితం ముక్క ఉంటే చాలు, డ్రైవరే వైద్యుడు.

వైద్యుడన్న మాట ఊరికే వాడలేదు. వైద్యుడు నాలుక చూసినట్లు ఆ కాలపువారు ప్లగ్గు కొనను చూసి ఇంజను ఆరోగ్యం చెప్పేవారు. లేత గోధుమరంగు ఉంటే క్షేమం. పొడి మసి పట్టితే పెట్రోలు పాలు ఎక్కువ. తెల్లగా మాడితే వేడి మితిమీరింది. నూనె తడి కనిపిస్తే రింగులో, వాల్వు సీళ్లో అరిగిపోయాయి. బడిచదువు లేనివారు కూడా ఈ అక్షరాలను తడబడకుండా చదివేవారు.

ఆ సౌలభ్యం తగ్గడం మా వీధులలో కళ్లారా చూశాను. 1984లో మారుతి వ్యాను వచ్చింది. 1988లో దానికి ఓమ్ని అని పేరు పెట్టారు. 2019లో తయారీ ఆపేశారు. మల్కాజిగిరి నుండి నాచారం, ఉప్పల్ దాకా బడిపిల్లల బండి అంటే చాలాకాలం అదే. దాని 796 సీసీ ఇంజను ముందుసీటు కింద ఉంటుంది. బండి మొరాయిస్తే ముందున్న పిల్లలు దిగాలి, సీటు ఎత్తాలి, ఆ ఇరుకులో చెయ్యి దూర్చి మూడు ప్లగ్గులనూ తడుముకోవాలి. వానాకాలపు ఉదయం బడిగంట వేళకు ఆ డ్రైవర్లు పడే ఆరాటం ఉపాధ్యాయుణ్ణి గనుక నాకు బాగా తెలుసు. బండి ఆగితే ఆనాటి సంపాదన ఆగినట్లే. అందుకే వారి వేళ్లు కళ్లయ్యాయి.

తరువాతి ఇంజన్లలో సిలిండరుకు నాలుగు వాల్వులు వచ్చాయి. వాటి నడుమ, లోతైన గొట్టం అడుగుకు ప్లగ్గు దిగిపోయింది. దాని నెత్తిన కాయిలు కూర్చుంది. అమెరికాలో మన తెలుగు కుటుంబాలు ఎరిగిన టొయోటా సియెన్నా వ్యానునే చూడండి. 2007 నుండి 2020 నమూనాల వరకు వాడిన 3.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనులో వెనుక వరుస మూడు ప్లగ్గులు క్యాబిన్ గోడవైపు నక్కి ఉంటాయి. వాటిని చేరాలంటే వైపర్ల అమరికను, గాలి వెళ్లే మానిఫోల్డు పైభాగాన్ని ఊడదీయాలి. అక్కడ కూలి ఖరీదు గనుక ఇంటి గ్యారేజీలో ఈ పనికి పూనుకొనేవారున్నారు.

ప్లగ్గును ఇంత లోతున దాచడానికి ధైర్యమిచ్చింది దాని దీర్ఘాయుష్షు. 2000 ఫిబ్రవరి నుండి మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు నిలిచిపోయింది. ఇరిడియం కొన గల ప్లగ్గులు లక్ష కిలోమీటర్లు నడుస్తున్నాయి. ఇది మేలే, కాదనలేను. కాని ఇంజను కంప్యూటరు ‘ఫలానా సిలిండరు సరిగా మండడం లేదు’ అని సంకేతమిస్తే యజమాని నమ్మవలసిందే. తానే విప్పి చూసి నిజం తేల్చుకొనే అధికారం చేజారింది. బిల్లు న్యాయమో కాదో తెలుసుకొనే ఆధారమూ దానితోనే పోయింది.

ఇంట ప్రయత్నించేవారికి పాతవారి పద్ధతి నేటికీ పనికివస్తుంది. ఇంజను పూర్తిగా చల్లారాలి. విప్పేముందు గొట్టంలోని దుమ్మును ఊదివేయాలి, లేకపోతే అది సిలిండరులోకి రాలుతుంది. కొత్త ప్లగ్గు తలకు రబ్బరు గొట్టం ముక్క తొడిగి, మొదటి మరలు దానితోనే తిప్పాలి. మర పక్కదారి పడితే రబ్బరు జారిపోతుంది. పానా అయితే మెత్తని అల్యూమినియం మరలను కోసేస్తుంది. పాతదాన్ని పారవేయకముందు దాని కొనను ఒకసారి వెలుగులో చూడండి, పిల్లలకూ చూపండి. విద్యుత్తు కార్లలో ప్లగ్గే ఉండదు. ఆ రంగులను చదవగలిగినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వారిని అడిగి నేర్చుకోవలసిన సమయం ఇదే.