సాంచాల ఊరివాళ్లకు అమెరికాలో ఏం చూపించాలి?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి అమెరికాకు వచ్చే అమ్మానాన్నల ప్రయాణం దాదాపు ఒకే తీరుగా సాగుతుంది. ఆరు నెలల విజిట్. మొదట కొన్నాళ్లు నిద్ర, మనవలు. తర్వాత న్యూయార్క్‌లో లిబర్టీ విగ్రహం, నయాగరా జలపాతం, వైట్‌హౌస్ ముందు ఫొటో, పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి దర్శనం. అల్లుడికి ఓపికుంటే లాస్‌వేగాస్ కూడా. ఊరికి తిరిగిపోయాక ఎవరైనా "ఎట్లుంది అమెరికా?" అని అడిగితే, "రోడ్లు మంచిగున్నయి, మనుషులే కనవడరు" అంటారు.

ఆ మాటలో తప్పేమీ లేదు. వాళ్లకు చూపించిందే అంత. ఈ దేశాన్ని ఎవరు కట్టారు, ఎవరు నేశారు, ఎవరు దెబ్బలు తిన్నారు అన్నది ఆ ఫొటోల్లో ఎక్కడా ఉండదు. సాంచాల (మరమగ్గాల) చప్పుడులో పెరిగినవాళ్లు, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టి పిల్లల్ని చదివించినవాళ్లు గుర్తుపట్టగల అమెరికా వేరే ఉంది. దాన్ని చూడాలంటే వేరే ఊళ్లకు పోవాలి.

మొదటిది మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్. బోస్టన్‌కు ఉత్తరాన, కారులో గంట కూడా పట్టదు. ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ అనే బోస్టన్ వ్యాపారి 1810 నుంచి 1812 దాకా బ్రిటన్‌లో ఉండి అక్కడి మిల్లులన్నీ తిరిగాడు. యంత్రాల నమూనాలు దేశం దాటించడం అప్పటి బ్రిటిష్ చట్టం ప్రకారం నేరం. ఆయన కాగితం మీద ఏదీ తేలేదు, చూసిందంతా మనసులో పెట్టుకుని వచ్చాడు. పాల్ మూడీ అనే మెకానిక్‌ను తోడు తీసుకుని 1814లో వాల్తామ్‌లో మరమగ్గాన్ని నడిపించాడు. 1817లో ఆయన పోయాక భాగస్వాములు మెరిమాక్ నది ఒడ్డున ఓ ఊరునే కట్టి, దానికి ఆయన పేరు పెట్టారు. నది అక్కడ 32 అడుగులు కిందికి దిగుతుంది. ఆ నీటిని కాలువల్లోకి మళ్లించి, చక్రాలు తిప్పి, పట్టీల మీద మగ్గాలు ఆడించారు. ఏ మిల్లుకు ఎంత నీరన్నది కొలిచి అమ్మడానికే ఒక కంపెనీ ఉండేది. కరెంటు బిల్లు, సబ్సిడీ అన్న మాటలు వినీవినీ అలసిన సిరిసిల్ల ఆసామికి ఈ సంగతి వేరే విడమరచి చెప్పాల్సిన పని లేదు.

ఆ మగ్గాల మీద పనిచేసింది ఎక్కువగా చుట్టుపక్కల రైతుల ఆడపిల్లలు. పొద్దున గంట కొడితే లేవాలి, రోజుకు పన్నెండు పదమూడు గంటలు నిలబడాలి, కంపెనీ హాస్టళ్లలో పడుకోవాలి. 1834లో కూలి తగ్గిస్తామంటే బయటికొచ్చి సమ్మె చేశారు. 1836లో హాస్టల్ ఖర్చు పెంచితే మళ్లీ చేశారు. ఓటు హక్కు లేని కాలంలో, ఇరవై ఏళ్లు నిండీ నిండని పిల్లలు! వాళ్లే కథలూ వ్యాసాలూ రాసుకుంటూ 1840 నుంచి 'లోవెల్ ఆఫరింగ్' అనే పత్రిక కూడా నడిపారు. 1842లో అమెరికా చూడటానికి వచ్చిన చార్లెస్ డికెన్స్ ఈ ఊరు వెతుక్కుంటూ వచ్చి దాని గురించి తన పుస్తకంలో రాశాడు. ఇవాళ్టి టూరిస్టులకు లేని బుద్ధి ఆయనకు ఉంది.

కథకు ఇంకో వైపు ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. ఈ మిల్లులకు వచ్చిన పత్తి దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలు పండించి, ఏరినది. ఆ పత్తితో ఇక్కడ నేసిన ముతక గుడ్డలో కొంత మళ్లీ ఆ బానిసల ఒంటి మీదికే పోయేది. దాన్ని 'లోవెల్ గుడ్డ' అనే పిలిచేవారు. ఉత్తరాది స్వేచ్ఛకూ దక్షిణాది కొరడాకూ మధ్య ఒకటే నూలు పోగు నడిచిందన్న విషయం స్కూలు పుస్తకం కంటే ఈ ఊళ్లోనే బాగా అర్థమవుతుంది.

1920ల నుంచి మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, పని దక్షిణాదికి తరలిపోయింది. 1978లో ప్రభుత్వం ఆ పాత మిల్లులనూ కాలువలనూ కలిపి జాతీయ పార్కుగా ప్రకటించింది. బూట్ మిల్లు మ్యూజియంలో కింది అంతస్తు నిండా 88 పాత మగ్గాలున్నాయి. అన్నీ ఒక్కసారే నడపరు గానీ నడిపిన కొన్నిటి చప్పుడుకే నేల అదురుతుంది. చూడవచ్చినవాళ్లకు చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలిస్తారు. సిరిసిల్ల పెద్దాయన వాటిని జేబులో వేసుకుని, షటిల్ ఎటు పోతోంది, పడుగు ఎక్కడ తెగింది, కండె ఎప్పుడు మార్చాలి అన్నది సాఫ్ట్‌వేర్ కొడుక్కి చెప్పడం మొదలుపెడతాడు. ఈ దేశంలో కొడుకు తండ్రికి చెప్పకుండా తండ్రి కొడుక్కి చెప్పగలిగే చోట్లు ఎన్నో లేవు.

ఎడిసన్‌లో దిగినవాళ్లకు అంత దూరం కూడా అక్కర్లేదు. అదే న్యూజెర్సీలో ప్యాటర్సన్ ఉంది. పది డాలర్ల నోటు మీద బొమ్మ ఉన్న అలెగ్జాండర్ హామిల్టన్, దేశానికి సొంత పరిశ్రమలు కావాలని 1791లో ఒక సంఘం పెట్టించి, పసాయిక్ నది 77 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ చోటును ఎంచాడు. తర్వాత అది పట్టు నేత ఊరై, సిల్క్ సిటీగా పేరు పడింది. 1913లో రెండు మగ్గాలు నడిపే మనిషిని నాలుగు నడపమన్నారు యజమానులు. పాతిక వేల మంది దాకా పని ఆపేశారు. ఒక్క మనిషి ఎన్ని సాంచాలు చూసుకోవాలన్న గొడవ తెలిసిన ఊరికి ఈ సమ్మె కొత్త కాదు. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కార్మికులే తమ సమ్మెను నాటకంగా ఆడారు, మన జననాట్యమండలి కంటే ఎన్నో దశాబ్దాల ముందు. అయినా అయిదు నెలలకు ఆకలి గెలిచింది, సమ్మె ఓడింది. ఊళ్లో సభలు పెట్టనివ్వకపోతే పక్కనున్న హేల్డన్‌లో ఒక నేతకార్మికుడి ఇంటి బాల్కనీ నుంచి నాయకులు మాట్లాడేవారు. ఆ బొట్టో ఇల్లు ఇప్పుడు కార్మిక మ్యూజియం.

బీడీలు చుట్టే కోరుట్ల, మెట్‌పల్లి అమ్మలకు మాత్రం ఫ్లోరిడా. డిస్నీ కోసం ఆర్లాండో దాకా ఎట్లాగూ పోతారు, ఇంకాస్త పోతే టాంపా. అక్కడి ఈబోర్ సిటీని 1885లో విసెంతే మార్టినెస్ ఈబోర్ అనే చుట్టల ఫ్యాక్టరీ యజమాని మొదలుపెట్టాడు. క్యూబా, స్పెయిన్, సిసిలీల నుంచి వచ్చినవాళ్లు బల్లల ముందు వరసగా కూర్చుని చుట్టలు చుట్టేవారు. చేతులకు పని, చెవులకు తీరిక. అందుకని కార్మికులే తలా కొంత వేసుకుని ఒక చదివే మనిషిని పెట్టుకున్నారు. ఎత్తైన పీట మీద కూర్చుని పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల గట్టిగా చదవడం ఆయన ఉద్యోగం. అక్షరం రానివాళ్లు కూడా సెర్వాంటెస్‌ను, విక్టర్ హ్యూగోను విన్నారు. 1891లో క్యూబా విప్లవ నాయకుడు హోసే మార్తీ వచ్చి స్వాతంత్ర్యం గురించి మాట్లాడితే ఈ కూలీలే చందాలిచ్చారు. దుబాయి జీతంతో ఊళ్లో గుడి కట్టే మన పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే.

వినేకొద్దీ కార్మికులు ఎదురు తిరుగుతున్నారని 1931లో యజమానులు చదివేవాళ్లను తీసేసి రేడియోలు పెట్టారు. కోరుట్ల ఇళ్లల్లో తునికాకు కత్తిరిస్తూ చూసే సీరియల్‌ను ఎవరు పెట్టించారో ఎవరైనా ఆలోచించాల్సిందే. టాంపాలో 1910 నాటి ఒక ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది, లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు. వెయ్యి బీడీల కూలికీ అక్కడ ఒక చుట్ట ధరకూ లెక్క వేయొద్దని అమ్మకు ముందే చెప్పి తీసుకెళ్లడం మంచిది.

జగిత్యాలవాళ్లు వాషింగ్టన్ పోతూ బాల్టిమోర్‌లో రెండు గంటలు ఆగితే చాలు. అక్కడి మెక్‌హెన్రీ కోట జగిత్యాల ఖిల్లాలాగే నక్షత్రం ఆకారంలో ఉంటుంది. ఫిరంగులకు గురి దొరక్కుండా, గోడ కింద ఏ మూలా కనుమరుగు కాకుండా కట్టే పద్ధతి అది. గీసింది జాన్ ఫోన్సిన్ అనే ఫ్రెంచి ఇంజనీరు. జగిత్యాల ఖిల్లాకూ ఫ్రెంచి ఇంజనీర్ల పేర్లే చెబుతారు కదా. 1814లో బ్రిటిష్ నౌకలు 25 గంటలు కాల్చినా ఆ కోట లొంగలేదు. తెల్లారి దాని మీద ఎగిరిన జెండాను చూసి రాసిన పాటే అమెరికా జాతీయగీతం. ఖిల్లాను వాళ్లు ఎట్లా కాపాడుకుంటున్నారో చూస్తే జగిత్యాల మనిషికి కొంచెం కడుపు మండుతుంది, మండనీ.

షికాగోకు మాత్రం చాలామంది ఎట్లాగూ పోతారు. 1893లో వివేకానందుడు మాట్లాడిన భవనం, ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, చూసి వస్తారు. అక్కడికి దగ్గర్లోనే డెస్‌ప్లెయిన్స్ వీధిలో హేమార్కెట్ స్మారకం ఉంది. ఎనిమిది గంటల పని దినం కోసం 1886 మే 1న మొదలైన సమ్మె, మే 4 రాత్రి అక్కడ పేలిన బాంబు, మరుసటి ఏడు నలుగురికి ఉరి. మన ఊళ్లో ఎర్రజెండా ఎగరేసే మేడే పుట్టింది ఈ వీధిలోనే. మన దగ్గర రైతుకూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర జరిగింది 1978 సెప్టెంబర్‌లో, ఆ తర్వాతి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అప్పటి యువకులే ఇప్పుడు మనవళ్లను చూడటానికి విమానమెక్కే వయసులో ఉన్నారు. ఆ స్మారకం దగ్గర వాళ్లకు గైడు అక్కర్లేదు. మే 1నే తీసుకెళ్లాలనుకుంటే మాత్రం పిల్లలు ముందుగా లీవు పెట్టుకోవాలి. 1894లో కార్మిక దినాన్ని సెప్టెంబర్‌లో మొదటి సోమవారానికి ఖాయం చేశారు, ఇక్కడ మేడేకు సెలవు లేదు.